మూడు బెజ్జాల గుర్తు

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం ప్రొఫెసర్ గారి నుంచి ఫోన్ వచ్చింది. జనవరిలో చెన్నైలో రెండు రోజుల కళా చరిత్ర సదస్సు పెడుతున్నారట. "లోగో ఒక్కటే కాదమ్మా. పోస్టరు, బ్యాడ్జి, కార్యక్రమ పుస్తకం, బ్యానర్లు, సంచి, వెబ్‌సైటు, అన్నీ ఒకే చేతి నుంచి వచ్చినట్టుండాలి. నువ్వు చేస్తావా?" అన్నారు. ఆయన తమిళులు. నెల్లూరులో చదువుకున్న రోజుల నుంచి తెలుగు బాగా వచ్చు, నాతో తెలుగులోనే మాట్లాడతారు.

పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో డిజైన్ పని చేస్తున్నాను. నగల కొట్ల క్యాటలాగులు, స్వీటు డబ్బాలు, పెళ్ళి పత్రికలు, స్కూళ్ళ సావనీర్లు ఎన్నో చేశాను గానీ పండితుల సభకు ఎప్పుడూ చెయ్యలేదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే ఆయన సదస్సు విషయం చెప్పారు. దక్షిణ భారత శిల్పాలను 19వ శతాబ్దం నుంచి ఎవరెవరు ఎలా గీశారు, ఎలా కొలిచారు, ఎక్కడి నుంచి ఎక్కడికి తరలించారు, మ్యూజియంలో ఎలా నిలబెట్టారు అన్నదట. మొదటి రోజు ఒక పూటంతా అమరావతి మీదేనట. ఆ మాట వినగానే సరేనన్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు శివరాత్రికి అమరావతి వెళ్ళేవాళ్ళం. కృష్ణలో మునిగి, అమరేశ్వరుణ్ణి చూసుకుని, పులిహోర తిని వచ్చేవాళ్ళం. ఒకసారి తాతయ్య నన్ను స్తూపం దగ్గరికి తీసుకెళ్ళాడు. నాకు మట్టి దిబ్బ, కొన్ని రాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. "ఇక్కడి రాళ్ళు చాలావరకు మద్రాసు పోయాయి, కొన్ని ఇంగ్లండు సీమకు పోయాయి" అన్నాడాయన. పెళ్ళయి చెన్నై వచ్చిన మొదటి ఏడాదే ఎగ్మూర్ మ్యూజియానికి వెళ్ళి, ఆ మాట గుర్తొచ్చి, రాళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాను. అందుకే ఈ పని నాకు మామూలు పని కాదు.

మొదటి ప్రయత్నం చెడిపోయింది. పది రోజులు కూర్చుని, నా దగ్గరున్న ఫోటోల్లోంచి ఒక పద్మఫలకాన్ని తీసుకుని, రేకులు సులువు చేసి గుండ్రటి లోగో గీశాను. చుట్టూ సదస్సు పేరు వేశాను. చూడడానికి ముచ్చటగానే ఉంది. సంచి మీద, బ్యాడ్జి మీద, కప్పు మీద ఎలా ఉంటుందో కూడా పెట్టి చూపించాను. కమిటీలో ఇద్దరు బాగుందన్నారు. ప్రొఫెసర్ గారు మాత్రం చాలాసేపు చూసి, "ఈ పద్మం ఎక్కడిదమ్మా?" అని అడిగారు. అమరావతిదన్నాను. "అమరావతిలో ఎక్కడిది? స్తూపం చుట్టూ ఉన్న కంచెలో స్తంభం మధ్యలోదా, అడ్డుకమ్మీ మీదదా? బయటి వైపుదా, లోపలి వైపుదా?" అన్నారు. నాకు తెలియదు. "మన సదస్సు అడిగేది సరిగ్గా ఆ ప్రశ్నే. రాయి ఎక్కడ ఉండేదో తెలియకుండా దాని మీది పువ్వును తీసుకుని వాడుకోవడమే కదా ఇన్నాళ్ళూ జరిగింది" అన్నారు. గొంతులో కోపం లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫైలు పక్కన పెట్టేశాను.

మర్నాటి నుంచి మ్యూజియానికి వెళ్ళడం మొదలుపెట్టాను. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వీలైనప్పుడల్లా పొద్దున్నే కోడంబాకంలో లోకల్ ట్రైను ఎక్కి ఎగ్మూర్‌లో దిగి, పాంథియన్ రోడ్డు మీద నడిచేదాన్ని. ఫోటోలు తియ్యకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. పెన్సిలు, నోటుబుక్కు మాత్రమే. ఫోటో తీస్తే చూశాననే నమ్మకం వచ్చేస్తుంది. గీస్తుంటేనే చూడనిదేమిటో తెలుస్తుంది.

బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి ఏనుగు ఫలకం ముందు మూడు ఉదయాలు గడిచాయి. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మదించి మనుషుల్ని తొక్కుకుంటూ వస్తుంది, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. మేడ మీద కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. జరిగిన కథంతా ఒక గుండ్రటి చోటులో ఇమిడిపోయింది, ఎక్కడా ఇరుకు లేదు. పోస్టరు చేసేవాళ్ళు ఎవరైనా ఒక్కసారి దాని ముందు కూర్చుని గీసి చూడాలి.

ప్రొఫెసర్ గారు చదవమని కొన్ని పుస్తకాలిచ్చారు. వాటిలో సి. శివరామమూర్తి గారు మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాల మీద 1942లో రాసిన గ్రంథం ఒకటి. ఆయన పండితుడే కాదు, చక్కటి గీత ఉన్న మనిషి. శిల్పాల్లోని నగలు, తలపాగాలు, ఆయుధాలు, కుర్చీలు, పాత్రలు విడివిడిగా సన్నటి గీతల్లో గీసి పెట్టారు. అంతకు ముందటి కథ కూడా అప్పుడే సరిగ్గా తెలిసింది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మొదటిసారి అమరావతి వచ్చేసరికి, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కొత్త పట్నం కట్టడానికి ఆ దిబ్బను తవ్వుతున్నారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు. మెకంజీ దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత చిత్రకారుల బృందంతో తిరిగొచ్చి రాళ్ళను కొలిపించి గీయించాడు. ఆ గీసిన రాళ్ళలో చాలా వాటి జాడ ఇప్పుడు లేదు, కాగితం మీద బొమ్మే మిగిలింది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తెప్పించిన రాళ్ళు ఇక్కడ ఏళ్ళ తరబడి పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఎగ్మూర్‌లో ఉన్నవాటిలో చాలావరకు తర్వాత 1877లో రాబర్ట్ సూవెల్, 1881-82లో జేమ్స్ బర్జెస్ జరిపిన తవ్వకాల తర్వాత వచ్చినవి. తాతయ్య ఒక్క వాక్యంలో చెప్పిన మాట వెనక ఇంత ఉంది.

మెకంజీ పనంతా మెకంజీ ఒక్కడే చెయ్యలేదు. ఆయనకు కుడిభుజంగా ఉండి, ఊళ్ళు తిరిగి, శాసనాలు చదివి, కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించింది ఏలూరు వాళ్ళయిన కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లోనే చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ముందుకు నడిపించాడు. ఆ సేకరణలో కొంత భాగం ఇప్పటికీ ఈ చెన్నైలోనే ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. బొర్రయ్య పేరు మన పిల్లలకు తెలియాలి. ఈ సదస్సులో ఒక పత్రం ఆ సోదరుల మీదే వస్తోందని తెలిసి సంతోషపడ్డాను.

గుర్తు దొరికిన రోజు సంగతి చెప్తాను. సెప్టెంబరు మూడో వారం. చాలా రాళ్ళకు ముందు వైపు చూస్తాం, చెక్కడం అక్కడే ఉంటుంది కాబట్టి. ఆ రోజు ఒక స్తంభం పక్కకు వెళ్ళి నిలబడితే దాని పక్క ముఖం మీద మూడు గుంటలు కనిపించాయి, ఒకదాని కింద ఒకటి. ఒక్కోటీ నిలబెట్టిన వడ్లగింజ ఆకారంలో ఉంది, పైనా కిందా కొస తేలి, నడుమ ఉబ్బి. మా పెదనాన్న వడ్రంగి పని చేసేవాడు. గుమ్మానికి బెజ్జం కొట్టి కమ్మీ కొస అందులోకి దింపడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఇదీ బెజ్జమే. స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచెలో రెండు స్తంభాల మధ్య మూడు అడ్డుకమ్మీలుండేవి. వాటిని సూచి అంటారు. సూచి అంటే సూదే. స్తంభాన్ని స్తంభానికి కుట్టినట్టు ఆ కమ్మీల కొసలు ఈ బెజ్జాల్లో దూరేవి. చెక్కతో కంచె కట్టినట్టే రాతితో కట్టారు.

ఇప్పుడు ఆ బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఉండాల్సిన కమ్మీ ఏ ఊళ్ళో, ఏ గోడకు ఉందో, సున్నపు బట్టీలో కాలిపోయిందో. నేను వాటిని గీస్తూ ఉన్నప్పుడే అనిపించింది, ఈ సదస్సు మాట్లాడబోయేది దీని గురించే అని. రాయి ఎక్కడ ఉండేదో చెప్పేది దాని మీది పువ్వు కాదు, ఈ బెజ్జం. పక్కనే ఇంకొకటి ఉండేదని ఒప్పుకుంటున్న ఖాళీ ఇది. నోటుబుక్కులో ఒక నిలువు చట్రం గీసి అందులో మూడు గింజలు ఖాళీగా వదిలాను. లోగో అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు పట్టింది గానీ మూల గీత ఆ రోజుదే.

ప్రొఫెసర్ గారికి ఆ పేజీ వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్ చేసి, "నువ్వు రాయి పక్కకెళ్ళి చూశావు" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. నాకు అది చాలు.

కమిటీ ముందు పెట్టేటప్పుడు ఒక తప్పు చేశాను. పేరు పక్కన ఇమడాలని మూడు గింజల్ని పడుకోబెట్టాను, ఒక వరసలో అడ్డంగా. చూడగానే ఒక మేడం, "ఇది కంటి ఆసుపత్రి గుర్తులా ఉంది కదా" అన్నారు. నిజమే, పడుకోబెడితే అవి కళ్ళు. రెండు రోజులు కొసలు మార్చి, నడుము తగ్గించి చూశాను, కళ్ళు కళ్ళలాగే ఉన్నాయి. చివరికి మళ్ళీ స్తంభం దగ్గరికే వెళ్ళాను. రాతిలో అవి నిలువుగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. నిలబెడితే కన్ను పోయింది, గింజ వచ్చింది, స్తంభం వచ్చింది. నా సౌకర్యం కోసం రాతిని పడుకోబెట్టడం వల్లే చిక్కంతా. పేరును పక్కన కాదు, ప్రతి గింజ ఎదురుగా ఒక వరస చొప్పున పెట్టాను. మూడు గింజలు, మూడు వరసలు.

ఆ మూడు వరసల్లో ఏం ఉండాలన్నది ఇంకో చర్చ. మొదట అనుకున్నది తమిళం, ఇంగ్లీషు మాత్రమే. తెలుగు కూడా ఉండాలని నేనడిగాను. సదస్సులో పెద్ద భాగం కృష్ణ ఒడ్డు రాళ్ళ గురించి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తొలి తెలుగు మాటగా గుర్తించిన 'నాగబు' దొరికింది అమరావతి రాతి మీదే. వినడానికి వచ్చేవాళ్ళలో గుంటూరు, విజయవాడ, హైదరాబాదు నుంచి విద్యార్థులున్నారు. అడిగేటప్పుడు కొంచెం టెన్షన్ పడ్డాను, ఎవరేమనుకుంటారో అని. ఎవరూ ఏమీ అనుకోలేదు. "రాయి పుట్టిన ఊరి భాష లేకపోతే ఎలా?" అని ఆ కంటి ఆసుపత్రి మాట అన్న మేడమే అన్నారు. ఆవిడది మధురై. పై వరస తమిళం, నడుమ తెలుగు, కింద ఇంగ్లీషు అని నిర్ణయించాం. సభ జరిగే ఊరి భాష పైన ఉండడం మర్యాద.

మూడు లిపుల్ని ఒక చట్రంలో కూర్చోబెట్టడం నేననుకున్నంత తేలిక కాలేదు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. 'చరిత్ర'లో త కింద రావత్తు జారుతుంది, 'సదస్సు'లో స కింద ఒత్తూ ఉంటుంది, పక్కన కొమ్మూ ఉంటుంది. తమిళంలో 'కలై వరలాట్రుక్ కరుత్తరంగు' అని రాస్తే కిందికి దిగేది తక్కువ, అడ్డంగా సాగేది ఎక్కువ. ఇంగ్లీషు పొట్టి. మూడింటికీ ఒకే సైజు అంకె ఇస్తే తెలుగు చిన్నబోతుంది. ఎందుకంటే ఒత్తుకూ గుడికీ చోటు వదలడంతో అసలు అక్షరపు గుండ్రం కుంచించుకుపోతుంది. కంటితో చూసి తెలుగును కొంచెం పెంచాను, వరసల మధ్య ఖాళీ తెలుగు ఒత్తును కొలతగా పెట్టి నిర్ణయించాను. ఒత్తు ఇరుకు పడకపోతే మిగతా రెండు లిపులూ సుఖంగా ఉంటాయి. దీనికి తలకిందులుగా, ఇంగ్లీషుకు పెట్టిన ఖాళీలో తెలుగును కుక్కడమే మనం రోజూ బోర్డుల మీద చూసేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు బాధే.

ఫాంటుకు అనేక్ కుటుంబం వాడాను. మన దేశపు లిపులెన్నింటికో ఒకే ఆలోచనతో చేసిన అక్షరాలవి. తెలుగు, తమిళం, లాటిన్ మూడూ ఉన్నాయి, లావు, వెడల్పు మన ఇష్టప్రకారం జరుపుకోవచ్చు. తమిళాన్ని కాస్త సన్నం చేసి, ఇంగ్లీషును కాస్త వెడల్పు చేస్తే మూడు వరసలూ ఇంచుమించు ఒకే పొడవుకు వచ్చాయి. పుస్తకం లోపలి పేజీలకు మాత్రం తిరో తెలుగు, తిరో తమిళం తీసుకున్నాను, చదివే కన్నుకు అవి నెమ్మది. పండితుల పత్రాల్లో సంస్కృత, ప్రాకృత పదాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కదా, కింద చుక్కలు, పైన గీతలు పెట్టి. చాలా ఫాంట్లలో అవి ఉండవు. ఆ ఒక్క అక్షరం వేరే ఫాంటులోంచి వచ్చి పంటి కింద రాయిలా తగులుతుంది. తిరోలో అవి ఉన్నాయి. అమరావతి రాళ్ళ మీది పాత బ్రాహ్మీ అక్షరాలు నాలుగు పోస్టరు మీద అందంగా చల్లితే బాగుంటుందని ఒకరన్నారు. వద్దన్నాను. అవి ఎవరో దానం చేశామని రాయించుకున్న మాటలు. చదవడానికి రాసినవాటిని ముగ్గులా చల్లడం నాకు మనసొప్పలేదు.

రంగు విషయంలో మొదట పొరపడ్డాను. అమరావతి రాయిని పాలరాయి అంటారు, ఆ మాట వినగానే తెలుపనుకుంటాం. నిజానికి అది పల్నాటి సున్నపురాయి. దగ్గరగా చూస్తే బూడిదలో లేత ఆకుపచ్చ కలిసి ఉంటుంది. గ్యాలరీ దీపాల కింద పసుపుగా, కిటికీ వెలుగులో నీలంగా కనిపిస్తుంది. అందుకని రంగుల కార్డు పట్టుకుని మూడు వేర్వేరు వేళల్లో వెళ్ళి పోల్చుకున్నాను. దానికి తోడు నలుపు, అంతే. ఇంకో రంగు పెట్టలేదు.

రాయపేటలో నేను ఎప్పుడూ వెళ్ళే ప్రెస్సు ఉంది. ఓనరు తెలుగువాడు, వాళ్ళ తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చారు. ఆయన్ను అన్నా అంటాను. ఫైలు చూసి, "చెల్లెమ్మా, ఈ బూడిద రంగును నాలుగు రంగుల్లో కలిపి వేస్తే ఒక షీటు గులాబీకి తిరుగుతుంది, ఒకటి పచ్చకు తిరుగుతుంది. విడిగా ఒక ఇంకు కలిపిస్తాను. అది, నలుపు, రెండే రంగులు. ప్లేట్లు కూడా రెండే, ఖర్చు తగ్గుతుంది" అన్నాడు. నాకు డబ్బు మిగిలింది, ఆ డబ్బుతో మంచి కాగితం వచ్చింది. ఆర్ట్ పేపరు మెరుపు మాకు వద్దు. 120 జీఎస్ఎం మ్యాప్‌లితో మీద ప్రూఫ్ తీస్తే రంగు నేననుకున్నదానికంటే ముదిరింది, మెరుపు లేని కాగితం ఇంకును తాగేస్తుంది. ఇంకును రెండుసార్లు పలచన చేయించాక రాయి వచ్చింది. ఆ షీటు తీసుకుని మ్యూజియానికి వెళ్ళి రాతి పక్కన పట్టుకుని చూశాను. సరిపోయింది.

అసలు సంబరం డై కటింగ్‌లో, అంటే వంచిన బ్లేడుతో అట్టను కోయించడంలో, ఉంది. పుస్తకం అట్ట మీద మూడు బెజ్జాల్నీ నిజంగానే కోయించాలనుకున్నాను. అట్టలోంచి చూస్తే లోపలి పేజీలో నేను పెన్సిలుతో గీసిన కంచె ముక్కలు కనిపిస్తాయి. అట్ట తెరిస్తే మొత్తం స్తంభం. బ్యాడ్జీకి కూడా పైన ఒక బెజ్జం, తాడు దూరేది అందులోంచే. సూదిలో దారంలాగా. డై చేసే పెద్దాయన కాగితం మీది గీత చూసి తల అడ్డంగా ఊపాడు. బ్లేడును రెండు వంపులుగా వంచి కొస దగ్గర కలిపితే, ఆ కొసలో అట్ట చిరుగుతుందట. కొసను అర మిల్లీమీటరు గుండ్రం చెయ్యమన్నాడు. నాకు కొస వాడిగా ఉండాలి. ఒకసారి వాడిగా చేయించి నూరు షీట్లు కోయిస్తే ముప్ఫైకి పైగా చిరిగాయి. ఆయన చెప్పినట్టే గుండ్రం చేశాం. తర్వాత స్తంభం దగ్గర మళ్ళీ చూస్తే రాతిలో కూడా కొస వాడిగా లేదు, కాస్త మొద్దుగానే ఉంది. ఆ ఉలి పట్టినవాడికి కూడా కొసలో రాయి పగిలి ఉంటుంది.

మధ్యలో నవంబరు వానలు. గుడ్డ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ ఇంకు ఆరక ఒకదానికొకటి అంటుకుని ఇరవై సంచులు పోయాయి. ఒక వారం ఆగి మళ్ళీ వేయించాం.

హాలు అలంకరణ మాట్లాడుకునేటప్పుడు ఒక సూచన వచ్చింది. అమరావతిలో బుద్ధుడి పాదాల ముద్రలున్న ఫలకాలున్నాయి కదా, వాటిని స్టిక్కర్లు చేసి గుమ్మం నుంచి హాలు దాకా నేల మీద అంటిస్తే దారి చూపించినట్టుంటుందని. ఆలోచన ఇచ్చినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ నలుగురు స్త్రీలు వంగి ఆ పాదాలకు మొక్కుతున్న శిల్పం నేను ఎగ్మూర్‌లో గీశాను. జనం మొక్కిన పాదాల మీద మనం చెప్పులతో నడవడమా? చెయ్యనని గట్టిగా చెప్పాను. దారి చూపడానికి గోడ మీద, మనిషి కంటి ఎత్తులో, బెజ్జం గుర్తే పెట్టాను. అది కేవలం కీలు, దానికి ఏ అపచారమూ లేదు. బుద్ధుడి ముఖం సంచి మీదా, కప్పు మీదా ఎక్కడా వెయ్యలేదు.

సదస్సుకు రెండు రోజుల ముందు పెద్ద బ్యానరు వచ్చింది, ఇరవై అడుగులది. విప్పి చూస్తే నా గుండె ఆగినంత పనయింది. 'చరిత్ర'లో రావత్తు ఊడి పక్కన పడి ఉంది, 'సదస్సు'లో ఒత్తు స పక్కన ఒంటరిగా నిలబడింది. ఫ్లెక్స్ వేసేచోట ఆపరేటరు సైజు మార్చడానికి నేను పంపిన పీడీఎఫ్‌ను వేరే సాఫ్ట్‌వేరులో తెరిచాడు, అక్కడ తెలుగు ఫాంటు లేదు. ఫాంటు లేకపోయినా చెదరకుండా అక్షరాల్ని గీతలుగా మార్చిన ఫైలు కూడా పంపాను, ఆయన ఇంకోటి తీసుకున్నాడు. తమిళం, ఇంగ్లీషు బాగానే వచ్చాయి. "దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది మేడం" అన్నాడు. నాకు కనిపిస్తుంది. గుంటూరు నుంచి రాత్రంతా రైల్లో వచ్చే పిల్లలకు కనిపిస్తుంది. ఆ రాత్రి పదకొండింటి దాకా అక్కడే కూర్చుని మళ్ళీ వేయించుకుని ఆటోలో తెచ్చాను. ఇలాంటి పని చేసే తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే నాదొక మాట: తెలుగు ఫైలును ఎప్పుడూ గీతలుగా మార్చిన ఒక్క రూపంలోనే పంపండి, రెండోది ఇవ్వకండి. ప్రింటు మొదలయ్యేటప్పుడు మీరే పక్కన ఉండండి.

పుస్తకాలు తెచ్చుకోవడానికి ప్రెస్సుకు వెళ్ళినప్పుడు అన్న ఒక గోతాం నా ముందు పెట్టాడు. "ఇవేం చెయ్యమంటావు చెల్లెమ్మా, పారేయనా?" అన్నాడు. డై కటింగ్‌లో రాలిన ముక్కలు. నిలబెట్టిన వడ్లగింజలు, వెయ్యికి పైన. ఐవరీ బోర్డువి, ఒక పక్క రాతి రంగు, ఒక పక్క తెలుపు. చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాను. బెజ్జం గురించే ఇన్నాళ్ళూ ఆలోచించాను గానీ, కోసిన ప్రతి బెజ్జానికీ ఒక ముక్క రాలుతుందని తట్టలేదు. ఇవి ఆ కమ్మీల కొసలు. పారెయ్యొద్దని చెప్పి గోతాం ఇంటికి తెచ్చుకున్నాను.

మొదటి రోజు పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక బుట్టలో ఆ ముక్కలు పోసి, పక్కన పెన్నులు పెట్టాం. మీరు పరిశోధిస్తున్న శిల్పం ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో ఈ ముక్క మీద రాసి బోర్డుకు గుచ్చండని మూడు భాషల్లో కాగితం అంటించాం. బోర్డు మీద స్తంభం బొమ్మ, దాని బెజ్జాలు. వాలంటీరు పిల్లలు ముందు తమవి గుచ్చారు. టీ విరామానికి జనం బోర్డు చుట్టూ చేరారు. లండన్ అని పదకొండు మంది రాశారు. ఎగ్మూర్, కోల్‌కతా, ఢిల్లీ, పారిస్. భర్హుత్ కంచె మీద పని చేసే ఒక యువకుడు కోల్‌కతా అని రాసి, కింద చిన్న అక్షరాల్లో అది దొరికిన ఊరి పేరు కూడా రాశాడు. అది చూసి అప్పటికే గుచ్చినవాళ్ళు చాలామంది తమ ముక్కలు వెనక్కి తీసుకుని రెండో పేరు చేర్చారు. ఒకావిడ చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, ఏమీ రాయకుండా ఖాళీ ముక్కే గుచ్చింది. మెకంజీ బొమ్మల్లో తప్ప ఇంకెక్కడా లేని ఫలకం మీద ఆవిడ పరిశోధన.

రెండో రోజు సాయంత్రం బ్యానర్లు దింపుతుంటే ప్రొఫెసర్ గారు బోర్డు దగ్గరికి వచ్చారు. రెండు రోజులూ పరుగుల్లో ఉండి ఆయన ఏమీ రాయలేదు. బుట్టలోంచి ఒక ముక్క తీసి, నా పెన్ను అడిగి, తెలుగులో నెమ్మదిగా, ద కు గుడి దీర్ఘం సరిగ్గా పెట్టి, 'దీపాలదిన్నె' అని రాశారు. గుచ్చడానికి చోటు వెతుకుతుంటే నేను నడిమి బెజ్జం దగ్గర ఒక పిన్ను తీసి ఇచ్చాను.